ఎనిమిదో తరగతి సైన్స్ ప్రాజెక్టుకి అంశం ఎలా ఎంచుకోవాలి?

మల్లెతీగ · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా పాప ఎనిమిదో తరగతి. స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ ఉంది. శుక్రవారంలోగా అంశం పేరు రాసివ్వమన్నారు, ఆ తర్వాత చేయడానికి ఇరవై రోజులుంటాయి. రెండు రోజులుగా ఇద్దరం కూర్చుని యూట్యూబ్‌లో వెతుకుతున్నాం. అగ్నిపర్వతం, సౌరకుటుంబం, నీటి వడపోత, నిమ్మకాయ బ్యాటరీ... తిప్పి తిప్పి ఇవే. అగ్నిపర్వతం అప్పుడే ముగ్గురు పేరు రాయించుకున్నారట. ఏది చూపించినా పాప "సరేలే అమ్మా, ఏదో ఒకటి" అంటోంది. నాకు ఆ మాటే గుచ్చుకుంది. చిన్నప్పుడు ప్రశ్నలతో ఊపిరి సలపనిచ్చేది కాదు. నేను చదివింది కామర్స్, సైన్స్ అంతంత మాత్రం. మంచి అంశం ఏదైనా చెప్పి పుణ్యం కట్టుకోండి.

వేగుచుక్క · సోమవారం, రాత్రి 10:05

నీటి వడపోత పెట్టేయండి. ఇసుక, గులకరాళ్ళు, బొగ్గు ఉంటే చాలు. మురికినీళ్ళు తేటగా వస్తుంటే చూసేవాళ్ళు ఆగుతారు. లేదంటే నీళ్ళ పళ్ళెంలో కొవ్వొత్తి వెలిగించి గ్లాసు బోర్లించే ప్రయోగం. ఆక్సిజన్ అయిపోయినంత మేర నీళ్ళు పైకొస్తాయి, గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉందని తేలుతుంది.

స్క్రూడ్రైవర్ · సోమవారం, రాత్రి 10:31

నా ఓటు వర్కింగ్ మోడల్‌కే. పోయినసారి మావాడు రెండు సిరంజీలు, ఒక సన్న గొట్టం, అట్టముక్కలతో హైడ్రాలిక్ లిఫ్ట్ చేశాడు. కోయడం, అతికించడం, నీళ్ళు కారితే విప్పి మళ్ళీ బిగించడం, అన్నీ వాడే. చేతులతో చేసింది మర్చిపోరు.

పాఠాల పంతులు · మంగళవారం, ఉదయం 6:50

మల్లెతీగ గారూ, నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. "ఏదో ఒకటి" అన్న మాట మా తరగతిలోనూ వింటుంటాను. పిల్లలకి ఆసక్తి లేక కాదండీ. మనం చూపించేవాటిలో వాళ్ళు తేల్చుకోవాల్సింది ఏమీ మిగలదు. జవాబు ముందే తెలిసిపోయి ఉంటుంది, ఇక వాళ్ళ పనల్లా రంగులేసి నిలబెట్టడమే.

అగ్నిపర్వతాన్నే తీసుకోండి. వెనిగర్‌లో వంటసోడా వేస్తే నురగ పొంగుతుంది. అది పాపకి తెలుసు, చూడటానికి వచ్చినవాళ్ళకీ తెలుసు. ఆ మట్టికొండ పక్కన పెట్టేసి, సీసాలో కొలిచి వెనిగర్ పోయండి. బెలూన్‌లో ఒక చెంచా సోడా వేసి సీసా మూతికి తొడిగి, సోడాని లోపలికి ఒంపండి. బెలూన్ ఉబ్బాక దారం చుట్టి చుట్టుకొలత రాసుకోండి. తర్వాత అంతే వెనిగర్‌కి రెండు చెంచాలు, ఆపైన మూడు, నాలుగు. మొదట్లో బెలూన్ పెద్దదవుతూ పోతుంది. ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. సోడా ఎంత వేసినా అంతే, అడుగున తెల్లగా మిగిలిపోతుంది. ఎందుకు ఆగింది? పాప కాసేపు ఆలోచించి "వెనిగర్ అయిపోయిందేమో" అంటుంది. అప్పుడు ఇంకాస్త వెనిగర్ పోసి చూస్తుంది. రసాయనశాస్త్రంలో ఒక పెద్ద సంగతి తనే పట్టుకున్నట్టు. సామాను అదే, పిల్ల చేసే పనే మారింది.

అందుకని అంశాల జాబితాలు ఈ రెండు రోజులు కట్టేయండి. పాపకి ఒక చిన్న పుస్తకం ఇచ్చి, మనసులోకి వచ్చిన "ఎందుకు", "ఎంత", "ఏది ముందు" అన్నీ రాయమనండి. ఏ ప్రశ్ననీ తీసేయొద్దు, నవ్వొద్దు. బుధవారం ఇక్కడ పెట్టండి, అందరం కలిసి చూద్దాం.

రెండుజడలు · మంగళవారం, మధ్యాహ్నం 1:15

పంతులు గారి మాట వినండి మేడమ్. మేం తెలిసీ తప్పు చేశాం. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడు టైము లేదని రెడీమేడ్ మోడల్ తెచ్చి పెట్టాం. లైట్లు వెలిగేవి, చూడ్డానికి ఎంతో బాగుండేది. జడ్జిగా వచ్చినావిడ వంగి "ఈ నీలం గొట్టంలో నీళ్ళు ఎటునుంచి ఎటు పోతాయమ్మా?" అని అడిగింది. అంతే. మా అమ్మాయి తలతిప్పి నా వైపు చూసింది. ఆవిడ ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక పిల్ల ఆ మోడల్‌ని ముట్టుకోలేదు. ఆ చూపు నాకింకా గుర్తే.

స్క్రూడ్రైవర్ · మంగళవారం, సాయంత్రం 7:20

కొన్న మోడల్ వేరు, చేసిన మోడల్ వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. హైడ్రాలిక్ లిఫ్ట్‌లోనూ కొలవడానికి ఉంది. సన్న సిరంజి లోపలి వ్యాసం 1 సెం.మీ., లావుదాని వ్యాసం 2 సెం.మీ. అనుకోండి. వైశాల్యం నాలుగు రెట్లు. సన్నదాన్ని 8 సెం.మీ. నొక్కితే లావుది 2 సెం.మీ. మాత్రమే లేస్తుంది. మావాడు స్కేలు పెట్టి ఇది చూసి, "బలం నాలుగింతలు వస్తే దూరం నాలుగో వంతే వస్తోంది నాన్నా" అన్నాడు. మోడల్ చేయకపోతే ఆ మాట వచ్చేది కాదు.

పాఠాల పంతులు · మంగళవారం, రాత్రి 8:02

పూర్తిగా ఒప్పుకుంటానండీ. స్కేలు పెట్టి చూసిన క్షణంలోనే అది ప్రయోగం అయింది. నేను వద్దంటున్నది స్కేలు పెట్టని మోడల్‌ని.

ల్యాబ్‌కోటు · మంగళవారం, రాత్రి 10:44

వేగుచుక్క గారూ, కొవ్వొత్తి ప్రయోగం గురించి ఒక మాట. ఆ 21 శాతం వివరణ చాలా చోట్ల కనిపిస్తుంది కానీ సరైంది కాదండీ. ఈసారి చేసినప్పుడు నీళ్ళు ఎప్పుడు పైకొస్తున్నాయో దగ్గరగా చూడండి. మంట వెలుగుతున్నంతసేపూ పెద్దగా కదలవు. ఆరిపోయాక గబగబా ఎక్కుతాయి. గ్లాసు బోర్లించేటప్పుడు లోపలి గాలి మంటకి వేడెక్కి వ్యాకోచిస్తుంది, కొంత బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరి గాలి చల్లబడగానే సంకోచిస్తుంది, ఆ చోటులోకి నీళ్ళు వస్తాయి. ముఖ్య కారణం అదే. పైగా గ్లాసులో ఆక్సిజన్ మొత్తం అయిపోకముందే కొవ్వొత్తి ఆరిపోతుంది. ఒకటికి బదులు రెండు, మూడు కొవ్వొత్తులు పెట్టి చూడండి. గ్లాసు అదే, ఆక్సిజన్ అంతే, నీళ్ళు మాత్రం ఇంకా పైకి లేస్తాయి.

వేగుచుక్క · బుధవారం, ఉదయం 7:12

ఇప్పుడే మూడు కొవ్వొత్తులతో చేసి చూశాను. మీరు చెప్పినట్టే బాగా పైకొచ్చాయి. ఇన్నేళ్ళూ తప్పుగానే చెబుతున్నాను. చాలా థ్యాంక్స్ అండీ.

మల్లెతీగ · బుధవారం, రాత్రి 8:30

పాప రాసినవి ఉన్నవి ఉన్నట్టు పెడుతున్నాను.

"సాయంత్రం ఆకాశం ఎర్రగా ఎందుకు అవుతుంది? చీమలన్నీ ఒకే దారిలో ఎందుకు పోతాయి? కలలు ఎందుకు వస్తాయి? వేడినీళ్ళు చన్నీళ్ళకన్నా ముందు గడ్డకడతాయని అన్నయ్య అన్నాడు, నిజమా? ఫోను పక్కన పెడితే మొక్క చచ్చిపోతుందా? సబ్బు నురగ వేడినీళ్ళలో ఎక్కువ వస్తుందా? తడిసిన యూనిఫాం ఎండలో ముందు ఆరుతుందా, ఫ్యాన్ కిందా?"

ఇవి రాసేటప్పుడు "ఏదో ఒకటి" అనలేదండీ.

పాఠాల పంతులు · బుధవారం, రాత్రి 9:25

ఏడూ బాగున్నాయి. నేను ఒక్కో ప్రశ్ననీ పట్టుకుని మూడు అడుగుతాను: మన చేత్తో ఏది మారుస్తాం? ఏది కొలుస్తాం? ఉన్న రోజుల్లో ఎన్నిసార్లు చేయగలం?

ఆకాశం ప్రశ్నకి జవాబు పుస్తకంలో ఉంది. సాయంత్రం వెలుగు ఎక్కువ గాలిని దాటి రావాలి, దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. నీళ్ళ గ్లాసులో పాలచుక్కలు వేసి టార్చి కొట్టి చూపించవచ్చు, కానీ కొలవడం కష్టం. కలల ప్రశ్న ఇంట్లో తేలేది కాదు. సబ్బు నురగ పనికొస్తుంది. ఒకేలాంటి సీసాలు, వేర్వేరు వేడిలో నీళ్ళు, పదేసి ఊపులు, స్కేలుతో నురగ ఎత్తు. అయితే ప్రతిసారీ ఒకేలా ఊపడం పిల్లలకి కుదరదు, రీడింగులు గంతులేస్తాయి. నా కళ్ళు చివరి ప్రశ్న మీదే ఆగాయి. మిగతావాటి గురించి కూడా చెప్పండి.

తేనెటీగ · బుధవారం, రాత్రి 9:58

చీమల ప్రాజెక్టు నేను చదువుకునే రోజుల్లో చేశాను. చీమలు నడిచిన దారిలో వాసన వదులుతాయి, వెనకవి దాన్ని పట్టుకుని వస్తాయి. బారు మధ్యలో తడిగుడ్డతో ఒక్క గీత తుడిస్తే, అక్కడిదాకా వచ్చినవి ఆగిపోయి అటూ ఇటూ తచ్చాడతాయి. కాసేపటికి ఏదో ఒకటి అవతలికి దాటుతుంది, మళ్ళీ బారు కుదురుకుంటుంది. ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోవచ్చు. ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది. కాకపోతే మనకి కావలసిన రోజు చీమలు రావాలి కదా. నాకు నాలుగు రోజులు ఒక్కటీ కనిపించలేదు. ఇరవై రోజుల గడువులో ప్రాణులను నమ్ముకోవడం కష్టం.

ఫోను, మొక్క ప్రశ్న కూడా అంతే. రెండు కుండీలు పెట్టి, ఒకదాని పక్కన ఫోను పెట్టి, అది వాడిపోతే "ఫోను వల్లే" అని రాసేస్తుంటారు. ఒక్క మొక్క వాడిపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. చేయాలనే ఉంటే మొక్కలు కాదు, గింజలు తీసుకోండి. ఇటు ఇరవై, అటు ఇరవై, తడి, వెలుతురు, వేడి ఒకేలా. ఎన్ని మొలకెత్తాయో లెక్క.

ల్యాబ్‌కోటు · బుధవారం, రాత్రి 11:10

వేడినీళ్ళ ప్రశ్న వేసినందుకు పాపకి నా అభినందనలు చెప్పండి. దీని వెనక ఒక స్కూలు విద్యార్థి ఉన్నాడు. 1963లో ఇప్పటి టాంజానియాలో ఎరాస్తో ఎంపెంబా అనే కుర్రాడు స్కూల్లో ఐస్‌క్రీమ్ చేస్తూ, కాచిన పాలు చల్లారకముందే ఫ్రీజర్‌లో పెట్టేశాడు. చల్లార్చి పెట్టిన వాళ్ళకన్నా అతనిదే ముందు గడ్డకట్టింది. ఎందుకని అడిగితే తరగతిలో నవ్వారు. తర్వాత ఉపన్యాసానికి వచ్చిన డెనిస్ ఆస్బోర్న్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్‌ని అదే అడిగాడు. ఆయన కొట్టిపారేయకుండా తన ల్యాబ్‌లో చేయించి చూశాడు. 1969లో ఇద్దరి పేర్లతో వ్యాసం వచ్చింది. ఆ విషయానికి ఈరోజు ఆ కుర్రాడి పేరే ఉంది.

కథ ఇంత బాగున్నా, ప్రాజెక్టుగా వద్దంటాను. ఇది ఇప్పటికీ వాదన నడుస్తున్న విషయం. థర్మామీటరు కాస్త కిందకో పైకో పెట్టినా ఫలితం మారిపోయినట్టు కనిపిస్తుందని 2016లో ఇద్దరు పరిశోధకులు చూపించారు. ఇంటి ఫ్రీజర్‌తో తేల్చడం కష్టం, పాప నిరాశపడుతుంది.

ఇంకో సంగతి. ఏది ఎంచుకున్నా గోడ ప్లగ్గు కరెంటుతో వైర్లు కలిపే పని వద్దు. బూజు పెంచే ప్రయోగాలు చేసేవాళ్ళు కవర్ సీల్ చేశాక మళ్ళీ తెరవకూడదు, అలాగే పారేయాలి.

మల్లెతీగ · గురువారం, రాత్రి 7:45

పాప తేల్చేసింది. యూనిఫాం ప్రశ్నే. "ఎండే గెలుస్తుంది, అందులో అనుమానమే లేదు" అంటోంది. ఎలా మొదలుపెట్టాలి?

పాఠాల పంతులు · గురువారం, రాత్రి 8:40

ముందు ఆ మాటని తేదీ వేసి పుస్తకంలో రాయించండి. ఫలితం వచ్చాక దిద్దకూడదు.

పాత తెల్ల దుప్పటి ఒకటి చూసి, 30 సెం.మీ. చదరం ముక్కలు కత్తిరించండి. ఒకే గుడ్డ కాబట్టి మందం, నేత, రంగు అన్నీ ఒకటే. పొడిగా తూచండి. తడిపి పిండితే ఒక్కోదానిలో ఒక్కోలా నీళ్ళుంటాయి, అందుకని సిరంజితో 20 మి.లీ. నీళ్ళు గుడ్డంతా తడిసేలా చల్లండి. 20 మి.లీ. అంటే 20 గ్రాములు, తూకం సరిగ్గా ఉందో లేదో కూడా తెలిసిపోతుంది. ఒకటి ఎండలో, ఒకటి నీడలో ఫ్యాన్ కింద, ఒకటి నీడలో గాలి తగలకుండా. అయిదు నిమిషాలకోసారి తూచి రాయాలి. చేత్తో తాకి "ఆరింది" అనొద్దు, తూకం పొడిబరువుకి వచ్చాకే ఆరినట్టు.

స్క్రూడ్రైవర్ · గురువారం, రాత్రి 9:05

ఒక చిక్కుంది. బయట ఎండలో గాలి కూడా ఉంటుంది కదా. అక్కడ ముందు ఆరితే ఆ గొప్ప ఎండదా, గాలిదా?

పాఠాల పంతులు · గురువారం, రాత్రి 9:11

భలే పట్టుకున్నారు. నాకు తట్టలేదు. మూసిన అద్దాల కిటికీ లోపల, ఎండ పడే చోట ఇంకో ముక్క వేలాడదీద్దాం. అక్కడ ఎండ ఉంటుంది, గాలి ఉండదు.

మల్లెతీగ · ఆదివారం, మధ్యాహ్నం 12:20

మొదటి రోజే దెబ్బతిన్నాం. ఇంట్లో ఉన్న దుప్పటి ముక్క సరిపోక 10 సెం.మీ. ముక్కలు కోశాం, నీళ్ళూ తగ్గించాం. కిచెన్ స్కేలు ఒక్క గ్రాముకన్నా తక్కువ చూపించదు. రీడింగులు 3, 3, 3, 2, 2 అని వస్తున్నాయి. పాప కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

స్క్రూడ్రైవర్ · ఆదివారం, మధ్యాహ్నం 12:48

ఏడవొద్దని చెప్పండి, ఇది తూకం సమస్యే. గుడ్డ పెద్దదైతే సరిపోతుంది, పంతులు గారు చెప్పిన 30 సెం.మీ.కే వెళ్ళండి. 20 గ్రాముల్లో ఒక గ్రాము అటూ ఇటూ అయినా పర్లేదు. 2 గ్రాముల్లో ఒక గ్రాము అంటే సగం పోయినట్టే.

మల్లెతీగ · మరుసటి ఆదివారం, రాత్రి 9:15

వేరే పాత దుప్పటి దొరికింది. ముక్క పొడిబరువు 13 గ్రాములు. ఎండ బాగా కాసిన రెండు రోజులు చేసి సగటు తీసింది. ఆరుబయట ఎండలో 15 నిమిషాలు. నీడలో ఫ్యాన్ కింద 25. మూసిన కిటికీ లోపల ఎండలో 40. గాలిలేని నీడలో 110. ఫ్యాన్ కిందే నాలుగు మడతలు పెట్టిన ముక్క కూడా చేస్తానంది, దానికి 100 పట్టింది.

ఫ్యాన్ 25, ఒట్టి ఎండ 40 అని చూసి పాప నమ్మలేదు. మర్నాడు మళ్ళీ చేసింది, అదే వచ్చింది. "ఎండ ఒక్కటే కాదమ్మా, బయట గాలి కూడా పనిచేస్తోంది" అని తనే అంది. ఫ్యాన్ కింద గుడ్డ ముట్టుకుంటే చల్లగా ఉంటుందట, అది ఎందుకని అడుగుతోంది.

ఇంకోటి. మూడో రోజు ముసురు పట్టింది. ఆ రోజు ఫ్యాన్ కింద 45 నిమిషాలు పట్టింది. ఎక్కడో తప్పు చేశానని ఆ పేజీ చింపేస్తానంటోంది.

పాఠాల పంతులు · ఆదివారం, రాత్రి 9:32

ఆ పేజీ చింపనివ్వకండి! దానికోసమైనా జడ్జీలు ఆగాలి. ముసురు రోజు గాలిలో అప్పటికే తేమ నిండుగా ఉంటుంది, గుడ్డలో నీళ్ళు ఆవిరై చేరడానికి చోటు తక్కువ. ఫ్యాన్ అదే, గుడ్డ అదే, మారింది గాలిలో తేమ. పక్కన "ముసురు, రోజంతా" అని రాయించండి చాలు.

చల్లదనానికి కారణం: ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,400 జౌళ్ళ వేడి కావాలి. అదే గ్రాము నీటిని 0 నుంచి 100 డిగ్రీలకి వేడిచేయడానికి 420 జౌళ్ళు చాలు. అంత వేడి ఎక్కడినుంచి వస్తుంది? గుడ్డ నుంచీ, చుట్టూ ఉన్న గాలి నుంచీ. గుడ్డ కింద థర్మామీటరు చుట్టి కొలిస్తే అంకె కూడా దొరుకుతుంది.

మడతల లెక్క చూశారా? నాలుగు మడతలు పెడితే గాలికి తగిలేది నాలుగో వంతు. 25కి నాలుగింతలు 100. ప్రతిసారీ ఇంత సరిగ్గా కుదరదు, కానీ గ్రాఫ్ గీయించండి.

రెండుజడలు · ఆదివారం, రాత్రి 9:50

ఇది చదువుతుంటే నాకు చాలా సంతోషంగా ఉంది మేడమ్.

మల్లెతీగ · ఎగ్జిబిషన్ రోజు, సాయంత్రం 6:10

అయిపోయింది. చార్టు మీద ముందు అనుకున్నది, వచ్చింది పక్కపక్కనే రాసింది. ముసురు రోజు పేజీ జిరాక్స్ అంటించింది. జడ్జి గారు "నల్ల గుడ్డ అయితే ఎండలో ఇంకా ముందు ఆరేదా?" అని అడిగారట. "అనుకుంటున్నానండీ, కానీ కొలవలేదు" అందట. బహుమతి రాలేదు. ఇంటికొచ్చి పాత నల్లచున్నీ ఇవ్వమని అడిగింది, ఇచ్చాను.

నెలవంక · ఎగ్జిబిషన్ రోజు, రాత్రి 8:00

ఈ చర్చంతా ఇప్పుడే చదివాను. మావాడు ఆరో తరగతి, మాకు నాలుగు రోజులే ఉంది. ఇంత తక్కువ టైములో ఏదైనా కుదురుతుందా?

పాఠాల పంతులు · ఎగ్జిబిషన్ రోజు, రాత్రి 8:26

కుదురుతుంది. దారానికి బరువు కట్టి లోలకం చేయించండి. దారం 25 సెం.మీ. ఉంటే ఒక పూర్తి ఊపుకి సుమారు 1 సెకను, 100 సెం.మీ. ఉంటే 2 సెకన్లు. ఇది బాబుకి ముందే చెప్పకండి. దారం నాలుగింతలు చేస్తే టైము ఎన్నింతలవుతుందో ముందు ఊహించి రాయమనండి. ఒక్క ఊపు కొలవలేం, 20 ఊపులు లెక్కపెట్టి భాగించాలి. కొంచెం పక్కకి లాగి వదిలితే చాలు. బరువు మార్చి కూడా చూడమనండి.

మల్లెతీగ · ఎగ్జిబిషన్ రోజు, రాత్రి 8:41

నెలవంక గారూ, మా పాప మీ బాబుకి చెప్పమంది: ఈ రాత్రే ఒకసారి చేసి చూసుకోమని. మాకు మొదటి రోజు తూకం పనికిరాదని ఆదివారం దాకా తెలియలేదు కదా, అందుకు.